శ్రీశైలం ముంపు మీద నేను కూర్చిన విషాద పియానో రచన: విని మీ అభిప్రాయం చెప్పగలరు

ప్రశ్న – నల్లగొండ నుంచి

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఉంటాను. చిన్నతనంలో కొన్నేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకుని, ఆ తరువాత పియానో సాధన మొదలుపెట్టాను. ‘ముంపు’ అనే పేరుతో పియానో ఒక్కదానికే ఒక రచన కూర్చి, దాని రికార్డింగును ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాను. నిడివి నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. వీలైతే ఇయర్‌ఫోన్లతో, ఒకసారి పూర్తిగా విన్న తరువాతే కింది వివరాలు చదవమని మనవి.

మా అమ్మ పుట్టిన ఊరు కొల్లాపూర్ ప్రాంతంలో కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఆ ఊరు నీటి కిందికి వెళ్లిపోయింది. జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు; వరద వచ్చి నీరు ఆ మట్టానికి చేరువైనప్పుడు ఊరి ఆనవాలు కూడా కనబడదు, ఎండాకాలంలో నీరు బాగా తగ్గిపోయినప్పుడు మాత్రం పాత పునాదులు బయటపడతాయి. నదికి అవతల ఉన్న సంగమేశ్వరాలయం కూడా ఇదే విధంగా ఏటా మునిగి, ఏటా తేలుతుంది. పూర్తిగా పోయిన ఊరి గురించి కాకుండా, ఇలా మునుగుతూ తేలుతూ ఉండే ఊరి గురించి చెప్పాలన్నది నా ఉద్దేశం.

రచన ‘ఏ’ మైనర్‌లో ఉంది, అంటే మన కర్ణాటక సంగీతం లెక్కలో నటభైరవి రాగం. మొదటి భాగంలో కుడి చేయి పా–మా–గా–రీ అని దిగి, షడ్జం (సా) మీద వాలకుండానే మళ్లీ పంచమానికి (పా) వెళుతుంది. ఎడమ చేయి త్రిశ్ర నడకలో (మూడేసి స్వరాల చొప్పున) సాగుతూ ఉంటే, అట్టడుగు స్వరం సా–నీ–దా–పా అని ఒక్కో మెట్టు దిగుతుంది. రెండో భాగంలో ఎడమ చేతి నడక క్రమంగా పైకి పెరిగి కుడి చేతి పలుకును కప్పివేస్తుంది. మూడో భాగం ‘సి’ మేజర్‌లోకి మారుతుంది. నీరు రాకముందటి ఊరును అక్కడ చూపాలనుకున్నాను. చివరి భాగంలో మొదటి పలుకు తార (పై) స్థాయిలో తిరిగి వచ్చి, కాకలి నిషాదం (షడ్జానికి అతి దగ్గరగా ఉండే నీ) తాకి షడ్జం మీద ముగుస్తుంది.

ఇప్పటివరకు విన్న మిత్రులు మూడో భాగం వేరే రచన నుంచి తెచ్చి అతికించినట్టుందని అన్నారు. అంతకంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట ఇంకొకటి ఉంది: పేరు, కథ తెలియకపోతే ఇది విషాదంగా అనిపించదు, నెమ్మదిగా ఉందనిపిస్తుంది, అంతే. ఆ మాట నిజమేనా? నిజమైతే, ఆ లోటు ఏ భాగంలో ఉంది, దేని వల్ల వచ్చింది? ముగింపులో షడ్జం మీద వాలడం సబబేనా? దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

జవాబు – మహబూబ్‌నగర్ నుంచి

అమ్మా, మీరు చెప్పినట్టే ముందు విని, తరువాత చదివాను. మొదటి భాగం నాకు నిండుగా నచ్చింది. సా–నీ–దా–పా అని దిగే అడుగు స్వరాల వరుసను పదిహేడో శతాబ్దపు ఐరోపా సంగీతంలో విలాపానికి గుర్తుగా వాడేవారు. మీరు ఆ వరుసను తెలిసి తీసుకున్నా, చేతికి అందినట్టు తీసుకున్నా, దాని మీద పా–మా–గా–రీ పలుకు షడ్జానికి ఒక మెట్టు పైనే ఆగిపోవడం మీ సొంత ఆలోచన, అది బాగా కుదిరింది. వినేవారి చెవి సా కోసం ఎదురు చూస్తుంది, మీరు ఇవ్వరు. రచనలో అన్నిటికంటే బలమైన సంగతి ఇదే.

అయినా మీ మిత్రులన్న మాటలో నిజం ఉంది. గాత్రం నేర్చుకుని పియానోకు వచ్చినవారందరికీ ఎదురయ్యే చిక్కు అది, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను. మనం పాడేటప్పుడు దుఃఖాన్ని ఎక్కువగా స్వరం లోపలే పెడతాం. గాంధారాన్ని (గా) కదిలిస్తాం, రిషభం (రీ) మీదికి జారుస్తాం, ధైవతాన్ని (దా) అంచున పట్టుకుంటాం. పియానోలో ఇవేవీ లేవు. సుత్తి తీగను తాకిన తరువాత ఆ స్వరాన్ని వాయించేవారు పెంచలేరు, వంచలేరు, కదపలేరు; చేయగలిగిందల్లా దాన్ని ఆపడం లేదా దానంతట అది ఆరిపోయేదాకా వదిలేయడం. స్వరస్థానం కూడా మన చేతిలో లేదు. ఒక స్థాయిని 1200 సెంట్లుగా లెక్కిస్తే, తంబురా మీద 6:5 నిష్పత్తిలో నిలిచే ‘సాధారణ గాంధారం’ (నటభైరవిలోని గా) సుమారు 316 సెంట్ల దగ్గర ఉంటుంది, పియానో గాంధారం 300 దగ్గర స్థిరంగా ఉంటుంది. కాబట్టి గొంతులో స్వరం చేసే పనిని ఇక్కడ కాలం చేయాలి. ఏ స్వరం ఎంతసేపు మోగింది, ఎప్పుడు ఆరింది, దాని తరువాతి స్వరం ఎంత ఆలస్యంగా వచ్చింది అన్నదే పియానోలో గమకం (స్వరాన్ని కదిలించి పలికించడం) అని నా అభిప్రాయం.

మీ రచనలో ఎడమ చేయి ఎక్కడా ఆగలేదు. కుడి చేయి రిషభం మీద ఆగినప్పుడు ఆ స్వరం ఆరిపోవడం మాకు వినబడాలి. కాని దాని కింద త్రిశ్ర నడక అదే బలంతో సాగుతూ ఉండడం వల్ల ఆ ఆరిపోవడం కప్పబడిపోతోంది. మీరు రెండో భాగంలో జరగాలనుకున్న ముంపు మొదటి భాగంలోనే జరిగిపోతోంది, అందుకే రెండో భాగానికి చెప్పడానికి ఏమీ మిగలలేదు. మొదటి భాగంలో పలుకు ఆగిన ప్రతిచోటా ఎడమ చేతిని కూడా ఆపి చూడండి.

మూడో భాగం గురించి. నటభైరవి గాంధారాన్ని షడ్జంగా తీసుకుంటే శంకరాభరణం (మేజర్‌కు సాటి రాగం) వస్తుందని మీకు తెలుసు. మీరు చేసింది ఆ గ్రహభేదమే. స్వరాలు అవే, ఆధారం మాత్రమే మారింది. అయితే అట్టడుగు స్వరాన్ని కూడా ఒక్క దెబ్బలో ‘సి’కి మార్చేయడం వల్ల పాత షడ్జం చెవిలోంచి పూర్తిగా తుడుచుకుపోయింది. శంకరాభరణపు పలుకులను అలాగే ఉంచి, వాటి కింద మంద్రంలో (కింది స్థాయిలో) పాత షడ్జాన్ని కదలకుండా పట్టుకోండి. పైన మేజర్ వినబడుతూనే, అడుగున మైనర్ పోలేదని చెవికి తెలుస్తుంది.

చివర వచ్చే కాకలి నిషాదాన్ని తీసేయమని సలహా ఇస్తాను. రచన అంతటా నటభైరవిలోని కైశికి నిషాదం (కాకలికి ఒక మెట్టు కింది నీ) విని అలవాటైన మన చెవికి అది కీరవాణి అనే వేరే రాగం తొంగిచూసినట్టుంది.

జవాబు – మిర్యాలగూడ నుంచి

నేను ఇక్కడి చర్చిలో ఆరాధనలకు కీబోర్డు వాయిస్తాను, నాకు రాగలక్షణాల పరిచయం తక్కువ. వాయించే చేతి వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను.

మొదటిది, చివరి భాగంలో పలుకును మరీ పైకి తీసుకువెళ్లారు. పియానోలో కింది తీగలు చాలాసేపు మోగుతాయి, పైకి వెళ్లేకొద్దీ స్వరం త్వరగా ఆరిపోతుంది. ఇంత నెమ్మది టెంపోలో అంత ఎత్తున పెట్టిన దీర్ఘ స్వరం, దాని కాలం సగమైనా గడవకముందే చచ్చిపోతోంది. వినేవారికి అది దీర్ఘ స్వరంలా కాక, ఒక చుక్క పడి తరువాత ఏమీ లేనట్టు వినబడుతోంది. ఒక స్థాయి కిందికి దించితే అదే పలుకు పాడినట్టు వినబడుతుంది. తిరిగి వచ్చిన ఊరు అందనంత పైన ఉండాలన్నది మీ ఉద్దేశమైతే, ముందు మధ్య స్థాయిలో ఒకసారి పూర్తిగా వినిపించి, ఆఖరి రెండు స్వరాలను మాత్రమే పైన ఉంచండి.

రెండో భాగంలో ఎడమ చేయి మసకగా ఉంది. ఆ మసక మీరు కోరుకున్నదే కావచ్చు, కాని ఇది నీటి మసక కాదు, కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) అమరిక వల్ల వచ్చినది. మంద్ర స్థాయిలో షడ్జం, గాంధారం పక్కపక్కన మోగితే రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి మూలుగులా వినబడతాయి. అడుగున సా, పా మాత్రమే ఉంచి, గాంధారాన్ని పై స్థాయికి జరపండి. అలా చేస్తే నీరు పెరుగుతున్నా లోపల ఏమి మునుగుతోందో వినబడుతుంది. పెడల్‌ను కొత్త కార్డుతో పాటే మారుస్తున్నారు. కార్డు నొక్కిన వెంటనే, దాని తరువాత పెడల్ ఎత్తి మళ్లీ నొక్కితే మధ్యలో తెగకుండా సాగుతుంది, పాత కార్డు కూడా మిగిలిపోదు.

రికార్డింగు ఫోన్‌లో చేశారని శబ్దాన్ని బట్టి తెలుస్తోంది. ఫోన్ మైకు, శబ్దం తగ్గిన కొద్దీ తనంతట తాను స్థాయి పెంచుతుంది. అందువల్ల స్వరం ఆరిపోవలసిన చోట అది ఆరకుండా నిలబడుతోంది, దానితో పాటు గదిలో ఫ్యాను చప్పుడు కూడా పైకి వస్తోంది. మహబూబ్‌నగర్ వారు ఆరిపోవడం వినబడాలన్నారు కదా. మీరు ఎంత బాగా వాయించినా ఈ రికార్డింగులో అది వినబడదు. మీది డిజిటల్ పియానో అయితే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ తీసి నేరుగా కంప్యూటరులోకి రికార్డు చేయండి. ఆ తరువాత శబ్దాన్ని సమం చేసే ఏ ప్రక్రియా దాని మీద వాడకండి. ముఖ్యంగా కంప్యూటరులో లయను సరిచేసే సదుపాయాన్ని ముట్టుకోవద్దు. మూడో భాగంలో కొన్ని స్వరాలు గడియారం కొట్టినంత కచ్చితంగా పడుతున్నాయి.

కాకలి నిషాదం విషయంలో మాత్రం మహబూబ్‌నగర్ వారితో నేను ఏకీభవించలేను. రచన మొత్తంలో ఇంటివైపు, అంటే షడ్జం వైపు, లాగే స్వరం అదొక్కటే. దాన్ని తీసేస్తే చివర మంచి స్వరాలు కొన్ని వరుసగా వచ్చి ఆగిపోయినట్టవుతుంది. లాగాలి, కాని చేర్చకూడదు అనుకుంటే, నిషాదాన్ని ఉంచి, ఆ తరువాత వచ్చే షడ్జం మీద గాంధారం లేకుండా సా, పా మాత్రమే వాయించండి. మేజరో మైనరో తేల్చకుండా ముగుస్తుంది.

జవాబు – నాగర్‌కర్నూల్ నుంచి

నాకు సంగీత శాస్త్రం తెలియదు. మీ పోస్టు శీర్షికలో శ్రీశైలం ముంపు అన్న మాట చూసి విన్నాను, ఎందుకంటే మా కుటుంబం కూడా ఆ నీటి వల్ల ఇల్లు వదిలి వచ్చినదే. విని ఊరుకోలేక నాలుగు మాటలు రాస్తున్నాను.

మూడో భాగం వినగానే మీరు నీరు రాకముందటి రోజుల గురించి చెబుతున్నారని నాకు అర్థమైంది. కాని, అమ్మా, మా ఊళ్లు అప్పుడు అంత సంబరంగా లేవు. వానలు లేని ఏళ్లలో మనుషులు మట్టిపనికి వలస పోయేవారు. పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోశారు, ఆ తరువాత మా సొంత ఊళ్లే ఒక ఆనకట్ట నీటిలోకి పోయాయి. ఆ ఊరిని మేము ప్రేమించింది అది సుఖంగా ఉంచినందుకు కాదు, అది మాది కనుక. అందువల్ల ఆ భాగం పూర్తిగా వెలుగుగా ఉంటే నాకు నమ్మకం కలగలేదు. కింద పాత స్వరాన్ని పట్టుకొమ్మని మహబూబ్‌నగర్ వారు రాసినది నాకు శాస్త్రంగా తెలియకపోయినా, సరైనదే అనిపిస్తోంది.

రెండో సంగతి. మీరు నీటిని వాయించారు, కాని నాకు మొదటి భాగంలో నీరు వినబడలేదు. మా పల్లెల్లో మనిషి పోయినప్పుడు ఆడవాళ్లు శోకాలు పెట్టడం వినబడింది. ఒక్కో మాటా పైన ఎత్తుకుని, మెట్టు మెట్టుగా దిగి, చివరి అక్షరాన్ని సాగదీసి, అక్కడ ఊపిరి అయిపోయి ఆగుతారు. ఆ తరువాత మళ్లీ పైన ఎత్తుకుంటారు. మీ పా–మా–గా–రీ అంటే ఏమిటో నాకు తెలియదు గాని, మొదట్లో పైనుంచి కిందికి దిగి పూర్తికాకుండా ఆగేది సరిగ్గా అలాగే ఉంది. ఊరు ఖాళీ చేసిన రోజుల్లో, ఎవరూ చావకపోయినా, మా ఇళ్లలో ముసలివాళ్లు ఇంటిని పేరుపెట్టి పిలుస్తూ అలాగే శోకాలు పెట్టారు.

తేడా ఒక్కటే. శోకంలో ఆగిన తరువాత వెంటనే రెండో మాట రాదు. ఊపిరి తీసుకోవాలి, కళ్లు తుడుచుకోవాలి, పక్కన కూర్చున్నవారు ఒక మాట అందుకోవాలి. మీ రచనలో ఆ ఊపిరికి చోటు లేదు, ఒకటి పూర్తికాకుండానే ఇంకొకటి తరుముతూ వస్తోంది. పేరు తెలియకపోతే విషాదం తెలియడం లేదని ఎవరో అన్నారని రాశారు. నాకు అనిపించేది, విషాదం ఉంది గాని, దాన్ని మోయడానికి వినేవారికి సమయం దొరకడం లేదు.

ముగింపు గురించి మీరు అడిగారు. ముంపులో పడే గుడులు కొన్నింటిని ప్రభుత్వం రాయి రాయి విప్పి పైకి తరలించింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలా తెచ్చి అలంపురంలో నిలబెట్టారు. ఇళ్లను ఎవరూ అలా తేలేదు. ఎండాకాలం నీరు తగ్గితే మేము వెళ్లి గోడల మొదళ్లు చూసి, ఇది వంటిల్లు, ఇది కొట్టం అని పిల్లలకు చూపించి వస్తాం. వానాకాలం మళ్లీ మునుగుతుంది. అది ఎప్పటికీ ముగిసే సంగతి కాదు కనుక, చివర హాయిగా ఒకచోట కూర్చున్నట్టు ఉండకూడదని నా మనవి.

అడిగినవారి మాట – నల్లగొండ నుంచి

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. నాగర్‌కర్నూల్ పెద్దవారి మాటలు మా అమ్మకు చదివి వినిపించాను. శోకాల గురించి రాసిన చోట ఆమె నన్ను ఆపి, వాళ్ల అమ్మమ్మ ఆ ఊరి ఇంటి గడప పట్టుకుని అన్న మాటలు కొన్ని చెప్పింది. ఆ పలుకును కూర్చినప్పుడు నా మనసులో అది లేదు. ఇప్పుడు అదే ఈ రచనకు ఆధారమని నాకు స్పష్టమైంది.

మార్పులు మొదలుపెట్టాను. మొదటి భాగంలో కుడి చేయి రిషభం మీద ఆగినప్పుడు ఎడమ చేతిని కూడా ఆపుతున్నాను. అలా ఆపిన తరువాత రెండో భాగంలో ఎడమ చేయి మొదటిసారి ఆగకుండా సాగడమే ముంపుగా వినబడుతోంది, దాన్ని బిగ్గరగా వాయించవలసిన అవసరం కూడా తగ్గింది. మూడో భాగం కింద మంద్ర షడ్జం నిలిపాను, భాగం నిడివిని కూడా కుదించాను. గాంధారాన్ని పై స్థాయికి జరపడం వల్ల కార్డుల మసక విడిపోయింది.

కాకలి నిషాదం మీద మాత్రం తేల్చుకోలేదు. ఇద్దరి వాదనలోనూ బలం ఉంది. నిషాదాన్ని ఉంచి గాంధారం లేని సా–పా మీద ఆపేది ఒకటి, నిషాదం లేకుండా మొదటి పలుకునే మరోసారి వాయించి రిషభం మీద వదిలేసేది ఇంకొకటి, రెండు ముగింపులూ సిద్ధం చేస్తున్నాను.

ఒక సందేహం మిగిలింది. ఊపిరికి ఇచ్చే విరామాన్ని ఎన్ని అక్షరాల (తాళపు లెక్కల) కాలం అని లెక్కించి రాయాలా, లేక వాయించే సమయంలో తోచినంత ఇవ్వాలా? లెక్కిస్తే ప్రతిచోటా ఒకేలా వచ్చి యాంత్రికంగా ఉంది, లెక్క లేకపోతే నా తొందర వల్ల పొట్టిగా అయిపోతోంది.

జవాబు – మిర్యాలగూడ నుంచి

విరామాన్ని అంకెగా రాయకండి, స్వరలిపిలో ఫెర్మాటా గుర్తు (లెక్క లేకుండా తోచినంతసేపు నిలపమని చెప్పేది) పెట్టండి. ఎంతసేపు అన్నదానికి వాయిద్యాన్నే కొలతగా తీసుకోవచ్చు: రిషభాన్ని నొక్కి పట్టుకుని, అది వినబడీ వినబడనంతగా తగ్గేదాకా ఉండి, అప్పుడు చేయి ఎత్తి, ఒక ఊపిరి తీసుకుని తరువాతి పలుకు మొదలుపెట్టండి. బలంగా నొక్కిన స్వరం ఎక్కువసేపు మోగుతుంది, మెత్తగా నొక్కినది త్వరగా ఆరుతుంది కాబట్టి, మీరు ఒక్కో పలుకును ఒక్కో బలంతో వాయిస్తే విరామాలు వాటంతట అవే వేరువేరుగా వస్తాయి. తొందర తగ్గడానికి ఆ విరామాల్లో పలుకును లోలోపల పాడుకోవడం నాకు ఉపయోగపడింది. గాత్రం నేర్చుకున్న మీకు ఇంకా తేలిక.

జవాబు – మహబూబ్‌నగర్ నుంచి

మిర్యాలగూడ వారు చెప్పిన కొలత సరిగ్గా ఉంది, నేను కలపవలసింది లేదు. నిషాదం మీద నా పట్టు కొంత సడలించుకుంటున్నాను: గాంధారం లేని సా–పా మీద ఆపితే, అక్కడ కీరవాణి అని చెవి నిర్ధారించుకునే లోపే రచన అయిపోతుంది కనుక అభ్యంతరం చాలావరకు పోతుంది. అయినా పెద్దవారు కోరినట్టు ముగియకుండా ఉండాలంటే రిషభం మీద వదిలేసేదే దగ్గరగా ఉంటుందని నాకు తోస్తోంది.

రెండు రికార్డింగులనూ ఈసారి పేరు గాని, కథ గాని లేకుండా పెట్టి, ఇదివరకు వినని వారి చేత ముందు వినిపించండి. మీ మొదటి సందేహానికి నేరుగా జవాబు దొరికే మార్గం అదే. స్వరలిపి కూడా జతచేస్తే, రెండో భాగంలో ఎడమ చేయి కుడి చేతిని దాటే చోట స్వరాల అమరికను చూసి చెబుతాను. అక్కడ పలుకు ఏ బొటనవేలి కింద దాగాలన్నది ఇంకా తేలవలసి ఉంది.